స్క్రాబుల్ బల్ల మీద డిక్షనరీ

స్క్రాబుల్ అంటే అక్షరాల పలకలతో ఇంగ్లిష్ పదాలు పేర్చే ఆట. పలకలు సంచిలో వేసే ముందే ఏ డిక్షనరీ చెల్లుతుందో ఒప్పుకోండి. ఆట మధ్యలో ఒకరు ఫోనూ ఇంకొకరు పుస్తకమూ తీస్తే ఇక గొడవే. అమెరికా, కెనడా పోటీల్లో చెల్లే పదాల జాబితా వేరు, చాలా దేశాల్లో వాడే కాలిన్స్ జాబితా వేరు. కాలిన్స్‌లో 2019 నుంచి రెండక్షరాల పదాలే 127 ఉన్నాయి.

నా పద్ధతి ఇది: పదం పేర్చేవాళ్లు డిక్షనరీ ముట్టుకోకూడదు. ఎవరైనా సవాలు చేస్తేనే తెరవాలి, అదీ తర్వాతి ఆటగాడు పలకలు పెట్టకముందే. పదం తప్పయితే పలకలు వెనక్కి, ఆ వంతుకు సున్నా. సరైనదే అయితే సవాలు చేసినవాళ్లు తమ వంతు పోగొట్టుకోవాలి. అమెరికా పోటీల్లో ఇదే నియమం. నాకు చాలా నచ్చింది, ఎందుకంటే ఊరికే అనుమానపడేవాళ్లు తగ్గుతారు.

వెతికేటప్పుడు తొందరపడకండి. మామూలు డిక్షనరీల్లో బహువచనాలు, క్రియల చివర చేరే ‘ఈడీ’, ‘ఐఎన్‌జీ’ రూపాలు చాలావరకు విడిగా ఉండవు. మూలపదం కింద చూడాలి. అది క్రియ అని ఉంటే ‘ఈడీ’, ‘ఐఎన్‌జీ’ రూపాలు సాధారణంగా చెల్లుతాయి. పెద్దక్షరంతో మొదలయ్యే పేర్లు, హైఫన్ ఉన్నవి, సంక్షిప్తాలు పుస్తకంలో కనబడినా ఒప్పుకోవద్దు.

పిల్లలైతే ముందే చూసుకోనివ్వండి. పెద్దవాళ్లు మాత్రం అడిగిన పదం చూసి వెంటనే పుస్తకం మూసేయాలి, పక్క పేజీలు తిప్పడం దొంగాటే!