మోరో క్రిస్ పాతదా, కొత్తదా? ఆ గీత చూడండి

ఫిలిప్పీన్స్ పాత కత్తి చేతికొస్తే పిడి చూసి మురిసిపోకండి. పిడి మధ్యలో ఎవరైనా మార్చి ఉండొచ్చు. దక్షిణాన మిందనావో, సూలూ దీవుల వైపు ఉండే మోరోల (అక్కడి ముస్లిం జాతుల) క్రిస్ కత్తి అయితే, దాని అలుగు వంకీలు తిరిగినా సూటిగా ఉన్నా, పిడిని ఆనుకుని వెడల్పుగా ఉండే భాగాన్ని చూడండి. దాన్ని గంగ్యా అంటారు. పాతవాటిలో ఇది విడిగా చేసి అమర్చిన ముక్క. 20వ శతాబ్దంలో చేసినవాటిలో చాలావాటికి అలుగు, గంగ్యా ఒకే ఇనుము; అతుకులా కనిపించాలని పైన గీత గీసేశారు, అంతే!

టార్చి ఏటవాలుగా పట్టి, భూతద్దంతో ఆ గీత వెంట అంచు దాకా వెళ్లండి. నిజం అతుకైతే అంచు మందం మీదుగా దిగి రెండోవైపు గీతలో కలుస్తుంది. ఉత్తుత్తి గీత సాధారణంగా అంచు దగ్గరే ఆగిపోతుంది. తుప్పు అడ్డొస్తే కాస్త నూనె రాసి మెత్తటి గుడ్డతో తుడవండి. ఉప్పు కాగితం మాత్రం వద్దు, ఆధారాలన్నీ అరిగిపోతాయి.

క్రిస్ కాకుండా, ఒకవైపు చదునుగా, రెండోవైపే వాలుగా సానపట్టిన కత్తి అయితే విసాయా దీవులదేమో చూడండి. 1945 అని చెక్కి ఉంటే అమెరికన్ సైనికుల కోసం చేసిన జ్ఞాపిక అయ్యే అవకాశమే ఎక్కువ.