జపాన్ సంప్రదాయంలో కొత్త బాణీ కట్టడం ఎలా?

కోటో అనే జపాన్ వాద్యానికి 13 తీగలు. కొత్త బాణీ కట్టాలనుకునేవాళ్లు దాని శ్రుతితో మొదలుపెడితే మంచిది. ఎక్కువగా వాడే హిరాజోషి పద్ధతిలో తీగలు సవరిస్తే, మన లెక్కలో స, శుద్ధ రి, శుద్ధ మ, ప, శుద్ధ ధ వస్తాయి. 'కర్ణాటక శుద్ధ సావేరి' అనే రాగం, హిందుస్తానీ గుణకలి విన్నవాళ్లకు ఈ స్వరాలు కొత్త కాదు. అలాగని రాగం పాడినట్టు పాడకండి. ఇక్కడ స, మ, ప నిలబడే స్వరాలు. రి స మీదికి, ధ ప మీదికి వాలుతుంటాయి. ఆ వాలు చెవికి పట్టేదాకా కొన్నాళ్లు అదొక్కటే పాడుకోండి. తొందరపడితే తర్వాతి పనంతా పైపైనే ఉండిపోతుంది.

ఇప్పుడు నాలుగైదు స్వరాల చిన్న సంగతి ఒకటి అల్లి, ఆపేయండి. తీగ మోత పూర్తిగా అణగేదాకా రెండోది ఎత్తుకోవద్దు. ఆ ఖాళీని జపాన్‌వాళ్లు 'మా' అంటారు. అదీ సంగీతంలో భాగమే. నాకు ఈ పద్ధతిలో ప్రాణమనిపించేది ఇదే. లయ కొలిచే మెట్రోనోమ్ పక్కన పెట్టి ఊపిరితో కొలవండి. షకుహచి అనే వెదురు వేణువు కోసం రాస్తుంటే, ఒక ఊపిరికి ఒక సంగతి చాలు.

తర్వాత స్వరాన్ని కదిలించండి. కోటో మీద కుడిచేత్తో మీటి, ఎడమచేత్తో తీగను ఎత్తి పట్టే బ్రిడ్జికి అవతలి వైపు తీగను నొక్కితే స్వరం పైకి జరుగుతుంది. వీణ తీగ లాగడం తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. షకుహచిలో గడ్డం దించితే స్వరం దిగుతుంది.

రెండో వాద్యం చేరుస్తుంటే కార్డ్స్ (chords, ఒకేసారి మోగే స్వరాల గుంపులు) పెట్టాలనిపిస్తుంది. వద్దు. అదే బాణీని కాస్త ముందో వెనకో, చిన్న మార్పులతో వాయించనివ్వండి.

మొత్తం నడకకు 'జో-హా-క్యూ' అనే పాత సూత్రం ఉంది: నిదానంగా ఎత్తుగడ, మధ్యలో విస్తరణ, చివర వేగం. 'రొకుదాన్' అనే ప్రసిద్ధ కోటో రచన మెల్లగా మొదలై, వేగం పుంజుకుని, ముగింపులో మళ్లీ నెమ్మదిస్తుంది. అది పదిసార్లు వినండి.

ఇక కొత్తదనం. చిన్నప్పుడే చూపు కోల్పోయిన కోటో విద్వాంసుడు మియాగి మిచియో 1921లో మంద్రస్థాయి కోసం 17 తీగల కోటో చేయించాడు. 1929లో కోటో, షకుహచిల కోసం 'హరు నో ఉమి' (వసంత సముద్రం) రాశాడు. స్వరకర్త తకెమిత్సు తోరు 1967లో 'నవంబర్ స్టెప్స్'లో బివా అనే తీగల వాద్యాన్ని, షకుహచిని పాశ్చాత్య ఆర్కెస్ట్రాలో కలిపేయకుండా ఎదురెదురుగా నిలబెట్టాడు. ఇద్దరి దారులూ వేరు. మీరు మాత్రం మొదటి రచనలో ఒక్క కొత్త విషయమే తీసుకురండి.

బాణీ పూర్తయ్యాక వాద్యం పక్కన పెట్టి గొంతుతో కూనిరాగం తీయండి. నిలబడకపోతే మొదటి సంగతికి వెళ్లి, వాలాల్సిన రి ఎక్కడ నిలబడిపోయిందో వెతకండి.