ఇంజిన్ మార్చిన బండికి సరైన పైలట్ బేరింగ్‌ను ఎలా ఎంచుకోవాలి?

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పాత జీపుకో పికప్‌కో వేరే బండి డీజిల్ ఇంజిన్‌ను ఎక్కించి, గేర్‌బాక్స్ మాత్రం పాతదే ఉంచుకోవాలనుకునేవారు మౌంటింగులు, ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌కు కలిపే అడాప్టర్ ప్లేటు, ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు వంటి పెద్ద పనుల మీద శ్రద్ధ పెట్టి, అరచేతిలో ఇమిడిపోయే పైలట్ బేరింగ్ సంగతి ఆఖరున చూసుకుందాములే అనుకుంటారు. అది సరిపడనిదైతే బిగించిన గేర్‌బాక్స్‌ను మళ్లీ దించక తప్పదు. ఇంజిన్ మార్పు ఆర్.సి.లోని వివరాలతో ముడిపడిన విషయం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ఇలాంటి మార్పులకు హద్దులు పెట్టింది కనుక, అనుమతి విషయం రవాణా శాఖ కార్యాలయంలో తేల్చుకున్న తరువాతే పని మొదలుపెట్టాలి.

గేర్‌బాక్స్ నుంచి ముందుకు వచ్చే క్లచ్ షాఫ్టు కొనను క్రాంక్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన షాఫ్టు) చివర గానీ, ఫ్లైవీల్ మధ్యలో గానీ ఉండి ఆనించి పట్టుకునేదే పైలట్ బేరింగ్. క్లచ్ వదిలి ఉన్నప్పుడు క్రాంకూ షాఫ్టూ కలిసే తిరుగుతాయి కాబట్టి దానికి అప్పుడు పెద్దగా పని ఉండదు. పెడల్ తొక్కినప్పుడు క్రాంక్ తిరుగుతూ షాఫ్టు నెమ్మదిస్తుంది, బేరింగ్ అరుగుదల అంతా అప్పుడే జరుగుతుంది. అందువల్ల మన్ననూరు దాటి శ్రీశైలం వైపు ఘాట్ రోడ్డు మీద పదేపదే గేర్లు మార్చే బండికీ, నార్కట్‌పల్లి నుంచి సూర్యాపేట దాకా హైవే మీద ఒకే గేరులో సాగిపోయే బండికీ ఈ బేరింగ్ మీద పడే భారం ఒకటి కాదు.

మొదటి మెట్టు: గూడు ఉందో లేదో చూడండి

ఇంజిన్ ముందు చక్రాలను తిప్పే కారులోనిదైతే, అలాంటి చాలా కార్లలో గేర్‌బాక్స్ తన షాఫ్టును లోపలి బేరింగుల మీదే నిలుపుకుంటుంది కనుక, క్రాంక్ చివర పైలట్ గూడు (బేరింగ్ కూర్చునే గుంట) అసలు ఉండకపోవచ్చు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో వచ్చిన ఇంజిన్లలో కొన్నిటికి గూడు ఉన్నా, దానిని కొలత ప్రకారం నునుపు చేసి ఉండరు. అలాంటప్పుడు ముందు లేత్ పని జరగాలి, బేరింగ్ ఎంపిక దాని తరువాతి మాట. అమెరికాలో ఇంజిన్ మార్పిడికి ఎక్కువగా వాడే జనరల్ మోటార్స్ ఎల్.ఎస్. ఇంజిన్లలో క్రాంక్ లోపలికి చిన్న గూడు, దానికి బయట పెద్ద గూడు రెండూ ఉంటాయి. షాఫ్టు పొడవును బట్టి ఏ గూటిలో బేరింగ్ కూర్చోవాలో నిర్ణయిస్తారు.

రెండవ మెట్టు: మూడు కొలతలు తీసుకోండి

దుకాణానికి వెళ్లి "ఫలానా జీపు పైలట్ బేరింగ్ ఇవ్వండి" అని అడగడం ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఇంజిన్ ఒక బండిది, గేర్‌బాక్స్ మరొక బండిది అయినప్పుడు బండి పేరు ఏమీ చెప్పదు. గూటి లోపలి వ్యాసాన్ని రెండు మూడు దిక్కుల్లో, షాఫ్టు కొన బయటి వ్యాసాన్ని మైక్రోమీటరుతో కొలవాలి. కొన మీద గాడి పడి ఉంటే అరగని చోట కూడా కొలిచి తేడా చూడాలి. గాడి లోతుగా ఉంటే ఎంత మంచి బేరింగ్ వేసినా నిలవదు.

మూడవది దూరం. ఎక్కువ మంది వదిలేసేది దీనినే. బెల్ హౌసింగ్ (గేర్‌బాక్స్ ముందు క్లచ్‌ను కప్పి ఉండే డొప్ప) అంచు నుంచి షాఫ్టు కొన ఎంత ముందుకు వచ్చిందో కొలిచి, అందులో నుంచి అడాప్టర్ ప్లేటు మందాన్ని తీసివేస్తే, ఇంజిన్ బ్లాక్ వెనుక అంచును దాటి కొన ఎంత లోపలికి పోతుందో తెలుస్తుంది. ఉదాహరణకు కొన 18 మి.మీ. ముందుకు వచ్చి, ప్లేటు 10 మి.మీ. మందం ఉంటే, లోపలికి పోయేది 8 మి.మీ. మాత్రమే. బేరింగ్ బయటి అంచు బ్లాక్ అంచుకు 2 మి.మీ. లోపల ఉంటే, 12 మి.మీ. వెడల్పున్న బేరింగ్‌లో షాఫ్టు 6 మి.మీ. మేరకే, అంటే సగమే ఆనుతుంది. ఇది చాలదు; కనీసం మూడింట రెండు వంతులైనా ఆనాలని నా అభిప్రాయం. పొడవు ఎక్కువైతే ప్రమాదం మరో రకంగా ఉంటుంది: కొన గూటి అడుగును తాకితే గేర్‌బాక్స్ బోల్టులు బిగించేకొద్దీ షాఫ్టు వెనక్కి నెట్టుకుపోయి లోపలి బేరింగులు దెబ్బతింటాయి. కనుక అడుగున 2 నుంచి 3 మి.మీ. ఖాళీ ఉండాలి, షాఫ్టు మీది పళ్ల భాగం బేరింగ్‌కు తగలకుండా ఉండాలి.

మూడవ మెట్టు: రకాన్ని నిర్ణయించండి

నూనె పీల్చుకున్న కంచు బుష్షు చవకైనది, షాఫ్టుకు హాని చేయనిది, లేత్ మీద కొలతకు తెచ్చుకోవడానికి వీలైనది. ఇలాంటి బుష్షుకు గ్రీజు రాయకూడదు, రాస్తే నూనె వచ్చే సన్నని రంధ్రాలు మూసుకుపోతాయి. ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టి వేయాలి. మొద్దుబారిన పనిముట్టుతో లోపల కోసినా రంధ్రాలు పూడిపోతాయి కనుక లేత్ మేస్త్రీకి ఈ మాట ముందే చెప్పాలి. కొనేముందు అయస్కాంతం పెట్టి చూడండి; అంటుకుంటే అందులో ఇనుము ఉన్నట్టే, అలాంటిది షాఫ్టును తినేస్తుంది. మామూలు గన్‌మెటల్ కడ్డీ నుంచి తీసిన బుష్షులో నూనె నిల్వ ఉండదు, కాబట్టి దానిని ఆఖరి మార్గంగానే చూడాలి.

సూదుల్లాంటి సన్నని రోలర్లు ఉండే నీడిల్ బేరింగ్ భారం బాగా మోస్తుంది గాని, షాఫ్టు కొన గట్టిపరచినదై, నున్నగా ఉండాలి. ఇంజిన్, గేర్‌బాక్స్ మధ్యరేఖలు కొంచెం తప్పినా అది ఓర్చుకోదు. అడాప్టర్ ప్లేటుతో కలిపిన బండికి దానిని నేను సిఫారసు చేయను.

ఘాట్ రోడ్డు మీదా, ఊళ్లలోనూ తిరిగే బండికి నా మొగ్గు సీలు ఉన్న బాల్ బేరింగ్ వైపే. వీటి కొలతలు నంబరును బట్టే తెలుస్తాయి: 6201కి లోపల 12, బయట 32, వెడల్పు 10 మి.మీ.; 6202కి 15, 35, 11; 6203కి 17, 40, 12. క్లచ్ దుమ్ము లోపలికి పోకుండా రెండు వైపులా రబ్బరు సీలు ఉన్న 2ఆర్‌ఎస్ తీసుకోవాలి, రేకు మూత ఉన్న జెడ్‌జెడ్ కాదు. గూటిలోకి నొక్కినప్పుడు లోపలి సందు తగ్గుతుంది కనుక, ఆ సందు మామూలు కంటే ఎక్కువ ఉండే సీ3 రకం మేలు. గూడు పెద్దదైతే బేరింగ్ చుట్టూ ఉక్కు రింగు చేయించుకోండి. షాఫ్టు కొనను అరగదీసి చిన్నది చేయించవద్దు, గట్టిపరచిన పైపొర పోయిందంటే ఆ షాఫ్టు పని అయిపోయినట్టే.

నాలుగవ మెట్టు: బిగించే ముందు సరిచూడండి

బుష్షును గూటిలోకి నొక్కాక దాని లోపలి వ్యాసం కొద్దిగా తగ్గుతుంది కనుక మళ్లీ కొలవాలి. షాఫ్టుకు బుష్షుకు మధ్య 0.03 నుంచి 0.08 మి.మీ. సందు ఉంటే చాలు. బాల్ బేరింగ్‌ను బయటి రింగు మీదే నొక్కాలి, లోపలి రింగు మీద సుత్తితో కొడితే గుండ్లు దెబ్బతింటాయి. సన్నని తేడాలను ముల్లుతో చూపే డయల్ గేజ్‌ను ఫ్లైవీల్‌కు బిగించి, బెల్ హౌసింగ్ మధ్య రంధ్రం చుట్టూ క్రాంక్‌ను ఒక చుట్టు తిప్పి చూడండి. ముల్లు మొత్తం 0.12 మి.మీ. కంటే ఎక్కువ కదిలితే తప్పు అడాప్టర్‌లో ఉన్నట్టు, దానిని సరిచేయకుండా ఎన్ని బేరింగులు మార్చినా ప్రయోజనం ఉండదు.

ఇంజిన్ నడుస్తుండగా బండిని నిలిపి, క్లచ్ తొక్కి, మొదటి గేరు వేసి పట్టుకుని వినండి. అప్పుడు షాఫ్టు కదలకుండా క్రాంక్ ఒక్కటే తిరుగుతుంది. న్యూట్రల్‌లో క్లచ్ తొక్కినప్పుడు లేని కీచుమనే చప్పుడు గేరు వేయగానే వస్తే పైలట్ బేరింగ్‌ను అనుమానించాలి. క్లచ్ తొక్కినప్పుడల్లా గేరుతో సంబంధం లేకుండా వస్తే, పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను నొక్కి విడదీసే రిలీజ్ బేరింగ్‌ను ముందు చూడాలి.