డ్రైవ్ బెల్ట్ ఇంట్లోనే మార్చుకునే ముందు జాగ్రత్తలు

మార్చబోయేది ఇంజిన్ బయట కనిపించే బెల్టేనని ముందు తేల్చుకోండి. మన దగ్గర చాలామంది దీన్ని ఫ్యాన్ బెల్ట్ అనే అంటారు. కవర్ లోపలుండే టైమింగ్ బెల్ట్ జోలికి మాత్రం వెళ్లొద్దు. అది తప్పుగా పడితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి.

- ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. తాళంచెవి బయటికి తీసి, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పండి. కొన్ని కార్లలో బండి ఆపాక కూడా రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది.

- కొత్త బెల్ట్ నంబరు సరిచూసుకోండి. 6పీకే1200 అంటే 6 గాడులు, 1200 మిల్లీమీటర్ల పొడవు.

- పాతది తీయకముందే ఫోన్‌లో ఫొటోలు తీయండి. ఏ పుల్లీ (బెల్ట్ తిరిగే చక్రం) మీద గాడుల వైపు ఉంది, దేని మీద నున్నటి వీపు ఉంది అన్నది స్పష్టంగా పడాలి. తీశాక గుర్తుంటుందిలే అనుకుంటే అక్కడే చిక్కుపడతారు.

- బెల్ట్‌ను బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్‌లో చాలా కార్లకు గట్టి స్ప్రింగ్ ఉంటుంది. దాన్ని వదులు చేసేటప్పుడు పానా జారితే వేళ్లు నలుగుతాయి. చేతిని బెల్ట్‌కూ పుల్లీకీ మధ్య పెట్టొద్దు. అసలు టెన్షనరే లేని సాగే రకం బెల్ట్ అయితే దానికి వేరే పనిముట్టు కావాలి, మెకానిక్‌కే ఇవ్వండి.

- కారు కిందికి వెళ్లాల్సొస్తే ఒక్క జాకీని నమ్మొద్దు, స్టాండ్లు తప్పనిసరి.

బెల్ట్ తీశాక ప్రతి పుల్లీనీ చేత్తో తిప్పండి. గరగరమంటే బేరింగ్ పోయినట్టే. దాన్ని వదిలేసి కొత్త బెల్ట్ వేస్తే డబ్బు దండగ. ఆయిలో కూలెంటో కారుతున్నా అంతే, ముందు ఆ లీకు ఆపాలి.