ట్రైగ్లిజరైడ్స్ ఇంజెక్షన్ ట్రయల్‌లో చేరే ముందు

రక్తం తీసిన ట్యూబులో పైన తేరిన సీరం పాలలా తెల్లగా ఉందంటే ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) మరీ ఎక్కువగా ఉన్నట్టే. డెసిలీటరుకు 150 మిల్లీగ్రాముల లోపు ఉండాల్సినవి 500 దాటితే డాక్టర్లు సీరియస్‌గా తీసుకుంటారు. 1000 దాటితే పాంక్రియాస్ (క్లోమం) వాచే ప్రమాదం బాగా పెరుగుతుంది. ఇలాంటివాళ్ల కోసమే లివర్‌లో ఏపీఓసీ-3 అనే, ట్రైగ్లిజరైడ్స్ కరగకుండా అడ్డుపడే ప్రొటీన్ తయారీని తగ్గించే సూదులు వస్తున్నాయి. వాటిలో ఒలెజార్సెన్‌కు 2024 డిసెంబరులో, పుట్టుకతోనే ట్రైగ్లిజరైడ్స్ విపరీతంగా పెరిగే ఎఫ్‌సీఎస్ అనే అరుదైన జబ్బుకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది.

ఇలాంటి సూదులను మనుషుల మీద పరీక్షించే ట్రయల్‌కి మిమ్మల్ని పిలిస్తే ఒకటి గుర్తుపెట్టుకోండి: మీకు వేసేది మందే కానక్కర్లేదు. ప్లాసిబో, అంటే మందు లేని ఉత్తుత్తి సూది కావచ్చు. చాలా ట్రయల్స్‌లో ఆ సంగతి మీకూ తెలియదు, డాక్టరుకూ తెలియదు. అందుకే సూది పడుతోంది కదా అని పెళ్లి భోజనంలో బిర్యానీ, ఆపైన రెండు పెగ్గులు అనుకుంటే కొంప మునుగుతుంది. పథ్యం, షుగర్ కంట్రోల్, పాత మాత్రలు అన్నీ మామూలుగానే సాగాలి. మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు. స్టెరాయిడ్లు, ఈస్ట్రోజెన్ మాత్రలు వాడుతుంటే దాచకండి, అవీ ట్రైగ్లిజరైడ్స్‌ను పెంచుతాయి.

ఇదే కోవకు చెందిన పాత సూది వొలనెసార్సెన్‌తో కొందరికి ప్లేట్‌లెట్స్ (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు) బాగా పడిపోయాయి. 2018లో ఎఫ్‌డీఏ దాన్ని ఒప్పుకోలేదు. మరుసటి ఏడాది యూరప్ షరతులతో అనుమతించింది. కాబట్టి ప్లేట్‌లెట్స్ ఎన్నాళ్లకోసారి చూస్తారో మొదటి రోజే అడగండి. చిగుళ్ల నుంచి రక్తం కారినా, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు వచ్చినా వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి.

మన దేశంలో ట్రయల్ అయితే ప్రభుత్వ ట్రయల్స్ రిజిస్ట్రీ సీటీఆర్ఐలో నమోదై ఉందో లేదో చూడండి. సమ్మతి పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. ఇంటికి తెచ్చి, కాస్త చదువుకున్న వాళ్లెవరితోనైనా కూర్చుని చదవండి. సంతకం పెట్టాక కూడా ఎప్పుడైనా బయటికి రావచ్చు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలని మన దేశపు 2019 కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు చెబుతున్నాయి.

పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పాకే నొప్పి, వాంతులు వస్తే గ్యాస్ అనుకుని మాత్ర మింగొద్దు, అది పాంక్రియాస్ వాపు కావచ్చు. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లి, ట్రయల్‌లో ఉన్నారని ముందే చెప్పండి. ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువగా ఉన్నప్పుడు పాంక్రియాస్ వాపును పట్టే అమైలేజ్ రక్త పరీక్ష ఒక్కోసారి నార్మల్‌గా వస్తుంది. అలాంటిదే మరో పరీక్ష లైపేజ్ కూడా చూడమని అడగండి.