క్రైసిస్ కమ్యూనికేషన్‌లో పీహెచ్‌డీ చేసి, అదే పాఠం చెప్పాలనుకునేవాళ్లకి

జర్నలిజంలో పీజీ చేస్తున్నవాళ్లో, డెస్క్‌లో కొన్నాళ్లు పనిచేసినవాళ్లో క్రైసిస్ కమ్యూనికేషన్ గురించి, అంటే ఆపద వచ్చినప్పుడు జనానికి ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి అన్న సబ్జెక్టు గురించి అడిగితే నేను ముందు అడిగేది, ఏ సంఘటన మీద? తుపానా, గ్యాస్ లీకా, కల్తీ మందా? థియరీ తర్వాత చదువుకోవచ్చు. మిమ్మల్ని ఏళ్ల తరబడి వదలని సంఘటన లేకపోతే ఓపిక మధ్యలోనే అయిపోతుంది.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్ఆర్ వెంకటాపురం మీదకి ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరి వచ్చింది. సైరన్ వాడలేదని ప్రభుత్వం వేసిన కమిటీ తేల్చింది. మరి జనానికి మొదటి కబురు ఎలా అందింది, పక్కింటివాళ్లు తలుపు కొట్టారా, ఫోన్ వచ్చిందా, పోలీసులు లేపారా? తడిగుడ్డ కట్టుకోమన్న సూచన ఎంతమందికి చేరింది, ఎవరి నోటివెంట వింటే నమ్మారు? థీసిస్ ఇలాంటి ప్రశ్నల్లోంచే పుడుతుంది. "విపత్తుల్లో మీడియా పాత్ర" లాంటి టాపిక్ మాత్రం దయచేసి పెట్టుకోకండి, దానికి మొదలూ చివరా ఉండవు.

థియరీలో ఇద్దరిని తప్పకుండా చదవాలి. విలియం బెనాయిట్, ఆరోపణ వచ్చినప్పుడు సంస్థలు ఏమేం చెప్పి తప్పించుకుంటాయో, ఎలా క్షమాపణ అడుగుతాయో వర్గీకరించాడు. తిమోతీ కూంబ్స్, జనం ఆ సంస్థదే తప్పని ఎంత గట్టిగా అనుకుంటే జవాబు అంత బాధ్యతగా ఉండాలన్నాడు. పని చేసే సిద్ధాంతాలే, కానీ ఇవి ఎక్కువగా సంస్థ పరువు చుట్టూ తిరుగుతాయి. 1977 నవంబర్‌లో ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు కావాల్సింది పరువు కాదు, సమయానికి ఊరు ఖాళీ చేయించగలిగే మాట. ఈ హెచ్చరికల వైపు తెలుగులో చేయాల్సిన పని చాలా ఉంది. నా మాట వింటే అటే వెళ్లండి.

డేటా విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడ కాలనీల్లోకి వచ్చినప్పటి లాంటి రోజుల్లో పోస్టులు డిలీట్ అవుతాయి, ఛానెళ్ల స్క్రోలింగ్ ఎక్కడా మిగలదు, గ్రూపుల్లో తిరిగిన వాయిస్ మెసేజ్ ఎవరిదో వారం తర్వాత ఎవరూ చెప్పలేరు. సంఘటన నడుస్తుండగానే స్క్రీన్‌షాట్, టైమ్, ఎవరు పెట్టారు, ఎవరికి పెట్టారు, అన్నీ ఒక ఫైల్లో దాచండి. బాధితుల ఇంటర్వ్యూలకి మాత్రం తొందర వద్దు. ముందు యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోండి, మాట్లాడుతూ ఆపేస్తానంటే వెంటనే రికార్డర్ ఆపండి.

ఇక సీటు. మాస్ కమ్యూనికేషన్ అండ్ జర్నలిజంలో నెట్ (యూజీసీ జాతీయ అర్హత పరీక్ష) రాయాలి. 2024 జూన్ నుంచి ఆ స్కోరుతో పీహెచ్‌డీ అడ్మిషన్లు కూడా ఇస్తున్నారు. అందులో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000 రూపాయలు, పైన ఇంటద్దె భత్యం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీల్లో ఈ డిపార్ట్‌మెంట్లున్నాయి. గైడ్‌గా క్రైసిస్ నిపుణులే దొరకాలని పట్టుబట్టకండి, హెల్త్ కమ్యూనికేషన్ చేసేవాళ్లు కూడా బాగా నడిపిస్తారు. అమెరికా అనుకుంటే టీచింగ్ అసిస్టెంట్‌షిప్ ఇచ్చే చోటికే అప్లై చేయండి, సొంత డబ్బుతో పీహెచ్‌డీ టెన్షన్ వద్దు. అప్లికేషన్‌లో మీ తెలుగు డేటా గురించి గట్టిగా రాయండి, అది అందరి దగ్గరా ఉండేది కాదు.

టీచింగ్ అవకాశం పీహెచ్‌డీలో ఉండగానే అడిగి తీసుకోండి. లెక్చర్ కంటే సిమ్యులేషన్ బాగా పనిచేస్తుంది. క్లాసును కలెక్టరేట్, కంపెనీ, విలేకరులు, ఊరివాళ్లు అని విడగొట్టి, పది నిమిషాలకొక కొత్త సమాచారం ఇవ్వండి, అందులో ఒకటి అబద్ధం ఉండాలి. ప్రెస్‌నోట్‌తో పాటు పంచాయతీ మైకులో చదవాల్సిన నాలుగు వాక్యాలు కూడా రాయించండి. ఎక్కువమంది ఆ నాలుగు వాక్యాల దగ్గరే ఆగిపోతారు, కాబట్టి గంటలో సగం వాటికే ఉంచండి. ఆ కాగితాలు వాళ్ల అనుమతితో దాచుకుంటే, ఉద్యోగ ఇంటర్వ్యూలో మీ బోధన గురించి అడిగినప్పుడు చూపించవచ్చు.