లంబసింగికి బైక్ మీద వెళ్తున్నారా? స్వెట్టర్ పైన రెయిన్‌కోటు వేసుకోండి

డిసెంబరు, జనవరి తెల్లవారుజామున లంబసింగి ఘాట్ ఎక్కేవాళ్లు ఫోన్‌లో ఉష్ణోగ్రత చూసి బట్టలు సర్దుకుంటారు. అది నిలబడి ఉన్నవాడికి సరిపోయే లెక్క. 10 డిగ్రీల చలిలో గంటకు 50 కిలోమీటర్ల గాలి తగిలితే ఒంటికి దాదాపు 5 డిగ్రీల్లా ఉంటుంది. అసలు చలే 5 డిగ్రీలైతే, అదే గాలికి ఒంటికి సున్నాకి ఒక డిగ్రీ కింద ఉన్నట్టే. గాలికి ఒంటికి తెలిసే చలిని కట్టే ఈ లెక్కలో గాలి వేగం 10 మీటర్ల ఎత్తులో కొలిచింది, నేల దగ్గర మొహానికి తగిలేది అంతకంటే తక్కువ. బైక్ మీద మాత్రం 50కి 50 తగులుతుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువే వణికిస్తుంది.

మన ఒంటి చుట్టూ పల్చటి వెచ్చటి గాలిపొర ఉంటుంది. ఎదురుగాలి దాన్ని ఎప్పటికప్పుడు లాగేస్తుంది. ఉన్ని స్వెట్టర్ అల్లికలోంచి గాలి దూరిపోతుంది, అందుకే రెండు స్వెట్టర్లకన్నా ఒక స్వెట్టర్, పైన రెయిన్‌కోటు మేలు. కోటు లేకపోతే ఛాతీ మీద నాలుగు మడతల న్యూస్‌పేపర్ పెట్టి జిప్పు వేయండి. మోకాళ్లు మరవకండి, రెయిన్‌ప్యాంటు కూడా తొడగాలి.

మంచుకి తడిసిన కాటన్ గ్లవ్స్ తీసేసి పొడివి వేసుకోండి, తడి వేడిని ఇంకా వేగంగా లాగేస్తుంది. వేళ్లు మొద్దుబారితే బ్రేకు పట్టడం ఆలస్యమవుతుంది, ఘాట్ దిగేటప్పుడు అది ప్రమాదం. అప్పుడు బండి ఆపి, చేతులు చంకల్లో పెట్టుకుని స్పర్శ వచ్చాకే కదలండి.